అమానా అందో, ఎమూనా అందో

మా వంటింటి పడమటి గోడకి అవతల సులికా వాళ్ళ ఇల్లు. రెండిళ్ళకీ అది ఒక్కటే గోడ. మా సెఫ్రూ ఊళ్ళో యూదుల పేట మొదలయ్యేది ఆ గోడ దగ్గరే. గోడకి ఇటు పక్క మా ముస్లింల శుక్రవారం, అటు పక్క వాళ్ళ శనివారం, మిగతా రోజులన్నీ ఇద్దరివీనూ. వాళ్ళింట్లో ఉల్లిపాయ వేగితే మా కళ్ళు మండేవి. మా నాన్న దగ్గితే సులికా అవతల నుంచి, "సోంపు కాచి పొయ్యవే తామో!" అని అరిచేది. తామో మా అమ్మ.

పాలకి తోడు ఎలాగో రొట్టెల పిండికీ తోడు అలాగే కదా. రొట్టె చేసుకున్న ప్రతిసారీ పిడికెడు పిండి తీసి మట్టిపిడతలో దాస్తే, మర్నాటి పిండిని అదే పులియబెడుతుంది. సులికా ఇంటి తోడుముద్ద వాళ్ళ అమ్మమ్మ అత్తవారింటికి వస్తూ తెచ్చుకున్నదట. అంత పాతది. అయితే వాళ్ళ పస్కా పండుగ వచ్చిందంటే, పులిసినది అన్నది ఇంట్లో కంటికి కనబడకూడదు. చాపలు దులిపి, అల్మరాలు కడిగి, పిల్లల జేబులు తిరగేసి మరీ వెతికేవాళ్ళు. అన్నీ పారేసినా తోడుముద్దని ఎవరు పారేస్తారు? అది ప్రాణం ఉన్న వస్తువు. అందుకని పండుగకి ముందు సులికా ఆ పిడతని తెచ్చి మా అమ్మ చేతుల్లో పెట్టేది. పండుగ వెళ్ళిన సాయంత్రం చుక్క పొడవగానే అమ్మ దాన్ని పాలు, తేనె, వెన్న, పచ్చి గోధుమ కంకులతో పాటు పళ్ళెంలో సర్ది తిరిగి ఇచ్చేది. ఆ సాయంత్రాన్ని మిమూనా అంటారు. ఆ వేళ వాళ్ళ తలుపులన్నీ బార్లా తెరిచే ఉండేవి, ఎవరైనా వెళ్ళి తీపి తినొచ్చు. మిమూనా అంటే ఏమిటని అడిగితే మావాళ్ళు అదృష్టం అనేవారు, వాళ్ళు నమ్మకం అనేవారు. అప్పట్లో దాని మీద ఎవరూ పోట్లాడుకోలేదు. తినడానికే టైము చాలేది కాదు.

పండుగ రోజుల్లో సులికాకి ముద్ద మీద బెంగ. సాయంత్రం కాగానే వేలి ఉంగరంతో గోడ మీద కొట్టేది. టక్‌టక్, కాస్త ఆగి, టక్. బతికే ఉందా అని అడగడం అన్నమాట. అమ్మ అరచేత్తో ఒక్క చరుపు చరిచేది. ధబ్. ఉంది అని.

ఒకసారి అమ్మకి చిరాకేసి గోడకి నోరానించి అరిచింది. "నీ మొగుడు బతికున్నాడా అని ఎప్పుడైనా ఇంత ఇదిగా అడిగావటే?"

"వాడు పొంగడు కదే తామో! పొంగితే అడుగుదును!" అంది అవతల నుంచి సులికా. ఆ వెనకాల ఆవిడ మొగుడు మఖ్లూఫ్ నవ్వు. ఆయన గాడిదల జీన్లు కుట్టేవాడు. నవ్వితే గోడ అదిరేది.

తర్వాత ఆ పేటలోవాళ్ళు సముద్రం దాటి తమ మతంవాళ్ళ కొత్త దేశానికని ఒక్కో ఇల్లే వెళ్ళిపోవడం మొదలైంది. ఎవరూ చెప్పి వెళ్ళేవారు కాదు. నిన్న పొగ వచ్చిన పొయ్యి ఇవాళ చల్లగా ఉండేది, అంతే. సులికా వాళ్ళ లారీ పస్కా పండుగ మధ్యలో వచ్చింది. తెలతెలవారుతుండగా సులికా మా తలుపు తట్టింది. అమ్మ కొంగు పట్టుకుని నేనూ వెళ్ళాను. సులికా చంకలో చంటిది, భుజాన మూట. ఒక కాలు మా గడప లోపల పెట్టింది, ఒక కాలు సందులోనే ఉంచింది. అమ్మకి విషయం అర్థమై లోపలికి పరిగెత్తి పిడత తెచ్చింది.

సులికా వెనక్కి తగ్గింది. "ఇప్పుడు ముట్టుకోకూడదే తామో. పండుగ ఇంకా వెళ్ళలేదు."

"మరి దీన్నేం చెయ్యను?"

సందు చివర లారీ హారన్ ఆగకుండా మోగుతోంది. మఖ్లూఫ్ పిలుస్తున్నాడు. సులికా ఖాళీగా ఉన్న చేత్తో అమ్మ బుగ్గలు పట్టుకుని ఒకే ఒక మాట అంది. అని వెళ్ళిపోయింది.

అమ్మ విన్న మాట, అమానా. అమానతు. నా సొత్తు నీ దగ్గర ఉంచుతున్నాను, భద్రం అని. మాలో ఆ మాట చెవిన పడితే ఎంత పనికిమాలినవాడైనా సర్దుకుని నిలబడతాడు.

అప్పటినుంచి ఆ పిడతకి మా పొయ్యి పక్కన ఒక గూడు. అమ్మ దానికి వేరే పిండి, వేరే నీళ్ళు వాడేది. ముద్దని పోషించగా మిగిలిన పిండితో రొట్టె చేసి మసీదు మెట్ల మీద కూర్చునేవాళ్ళకి పంచేది. మాకు మాత్రం ఒక్క తునకా పెట్టేది కాదు. "మనది కాదు," అనేది.

ఆ మరుసటి పస్కా వెళ్ళిన సాయంత్రం, అవతల ఇంటి తాళం తుప్పు పడుతున్నా, అమ్మ పళ్ళెం సర్దింది. పాలు నేను పోస్తున్నాను. చుక్క పొడిచింది.

టక్‌టక్. టక్.

నా చేతిలో గిన్నె జారింది. అమ్మ ఉలిక్కిపడలేదు. చెయ్యి కొంగుకి తుడుచుకుని గోడ మీద చరిచింది. ధబ్. "ఉందే," అంది. తర్వాత నావైపు తిరిగి, "నించుంటావేం? గుడ్డ తే, పాలు పొయ్యిలోకి పోతున్నాయి," అంది.

ప్రతి ఏడూ అంతే. సులికా ఆ సముద్రం అవతల బతికే ఉందో పోయిందో మాకు తెలియదు. ఆ ఇంట్లోకి ఒకసారి కొండ ఊళ్ళ నుంచి వచ్చిన ఓ కుటుంబం దిగింది. వసంతం దాటకుండా మూటలు కట్టేశారు. ఆ ఇల్లాలు మా గుమ్మంలో నిలబడి, "పొయ్యి వెలిగించకుండానే రొట్టె వాసన వస్తోందమ్మా, పిల్లలు నిద్రలో లేచి తిండి అడుగుతున్నారు," అని ఏడ్చింది. ఆ తర్వాత ఎవరూ దిగలేదు.

అమ్మ మంచం పట్టాక, మేం గౌరవంగా సి అల్లాల్ అని పిలిచే మసీదు గురువుగారు చూడ్డానికి వచ్చాడు. మంచి మనిషి, అమ్మకంటే చిన్నవాడు. అమ్మ ఆయన్ని అడిగింది, "అమానతు తిరిగి ఇవ్వకుండా పోతే ఏమవుతుంది నాయనా?"

"వారసులకి చేర్చాలమ్మా. అది చేరేదాకా పోయినవాళ్ళ ప్రాణం దారిలో నిలిచిపోతుందంటారు." ఆయన గూట్లో పిడత చూసి నవ్వాడు. "ఇది పిండే కదా. దేవుడు పిండి దగ్గర అంత పట్టుబట్టడులే."

"పిండి సంగతి కాదు. మాట సంగతి అడుగుతున్నాను."

ఆయన పిడత వైపు మరోసారి చూశాడు. చాలాసేపు కూర్చుని, ఖురాన్‌లోంచి ఒక భాగం చదివి వెళ్ళాడు. ఆ చలికాలంలోనే అమ్మ పోయింది. పోయేముందు నా చెయ్యి లాక్కుని గూటి వైపు చూపించింది. నేను సరేనన్నాను.

ఆ వసంతంలో నేనే పళ్ళెం సర్దాను. చుక్క పొడిచింది. గోడవైపు చూస్తూ నిలబడ్డాను. టక్‌టక్ అని ఎవరూ అడగలేదు. హమ్మయ్య అనుకుని పళ్ళెం ఎత్తబోతున్నాను.

ధబ్.

అవతల నుంచి వచ్చిందది. ఆ చప్పుడు నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? ఆ అరచేత్తోనే నాకు స్నానం చేయించి వీపు తట్టేది. మా అమ్మ ఆ ఖాళీ ఇంట్లో, ఆ చీకట్లో నిలబడి ఉంది. ఎవరూ అడగని ప్రశ్నకి జవాబు చెబుతోంది. కాసేపాగి మళ్ళీ, ధబ్. ఉంది, ఉంది అని.

ఆ రోజు మొదలు నాకు వేరే కోరిక లేదు. మక్కా వెళ్ళాలని కూడా లేదు. అమ్మని ఆ ఇంట్లోంచి బయటికి తేవాలి. తేవాలంటే ముద్ద సొంతదారు చేతికి చేరాలి. ఆ సొంతదారు ఏ దేశంలో, ఏ వీధిలో ఉందో ఎవరిని అడగను?

నా కోడలు బత్తూల్‌కి ఇదంతా వేళాకోళం. "అత్తయ్యా, ఈ ముద్ద నాకంటే వయసులో పెద్దది. రోజూ లేచి సలాం చెయ్యమంటారా? కొట్లో ఈస్టు పొట్లాం దొరుకుతోంది, వినలేదా మీరు?" అనేది. ఓ మిమూనా సాయంత్రం వంటింట్లోకి రావద్దన్నా వినకుండా వచ్చింది. గోడ చప్పుడు విన్నది. నోట్లో ఉన్న ఖర్జూరం అలాగే ఉండిపోయింది. మర్నాటినుంచి నాకంటే ముందు లేచి ముద్దకి పిండి కలిపేది తనే. వేళాకోళం మాత్రం మానలేదు. "నా సొంత అత్తకే ఇంత సేవ చెయ్యలేదు," అనేది నా మొహం మీదే.

కిందటేడు పస్కా ఆఖరు రోజు మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. నలభై దాటిన ఆడమనిషి, పొట్టి జుట్టు, పంట్లాం, కాళ్ళకి పరుగు బూట్లు. యాత్రికుల గుంపుతో తమ పెద్దల సమాధులు చూడ్డానికి వచ్చిందట. నోరు తెరిస్తే మా అమ్మమ్మల కాలం మాటలు.

"మీ గడప పచ్చగుండ! ఇది తామో గారి లోగిలేనా తల్లీ?"

బత్తూల్ నవ్వాపుకోలేక నా వెనక దాక్కుంది. "అత్తయ్యా, ఈమెకి మీకంటే వయసెక్కువ."

"మా మామ్మ దగ్గర నేర్చుకున్న భాష. ఇంకో రకం రాదు," అంది ఆవిడ సిగ్గుపడుతూ. "నా పేరు ఓర్నా. సులికా మనవరాల్ని."

ఆ పిల్లని వంటింట్లోకి లాక్కుపోయి, గూట్లోంచి పిడత తీసి చేతికివ్వబోయాను. ఓర్నా వెనక్కి తగ్గింది. ఆనాడు సులికా తగ్గినట్టే, ముందుగా భుజాన్ని వెనక్కి లాగి.

"పులిసింది కదా పిన్నీ. సాయంత్రం దాకా ముట్టుకోకూడదు. ఏమిటది?"

"ఏమిటేమిటి? మీదే. మీ మామ్మ ఉంచి వెళ్ళింది, అమానా అని."

ఆ పిల్ల మొహం మారింది. నెమ్మదిగా పీట మీద కూర్చుంది. "పిన్నీ, మా మామ్మ అలా అనలేదు. ఆ కథ మాకు ప్రతి ఏడూ చెప్పేది. తామో మొహం పట్టుకుని ఎమూనా అన్నాను, ఇద్దరం ఏడ్చాం అనేది. ఎమూనా అంటే నమ్మకం. దేవుడి మీద ఆనుకోవడం. మా ప్రార్థనల్లో మాట. ధైర్యంగా ఉండు అని చెప్పింది, అంతే. ఏ వస్తువూ ఉంచలేదు. ఈ ముద్ద మాటే మాకు ఎప్పుడూ చెప్పలేదు."

నా చేతుల్లో పిడత ఒక్కసారిగా బరువెక్కింది. ఎవరూ ఉంచని సొత్తుని తిరిగి ఎవరికివ్వను? సొంతదారే లేకపోతే అమ్మ అక్కడ నిలబడింది దేనికోసం? ఇంకెన్నాళ్ళు నిలబడాలి? సి అల్లాల్ ఉండి ఉంటే పరిగెత్తుకెళ్ళి అడిగేదాన్ని. ఆయనా పోయాడు.

అప్పుడు బత్తూల్ అంది, "అత్తయ్యా, ఆ మాట ఆవిడ ఎక్కడ నిలబడి అంది?"

"గడప మీద."

"అదే, లోపలా బయటా?"

నేను కళ్ళు మూసుకున్నాను. మూట, చంటిది, హారన్ మోత. "ఒక కాలు లోపల. ఒక కాలు బయట."

"మరింకేం? అటు కాలు ఎమూనా అని ఉంటుంది, ఇటు కాలు అమానా అని ఉంటుంది," అంది బత్తూల్. అది వేళాకోళానికే అంది. మేమెవరమూ నవ్వలేదు.

ఓర్నా గోడ వైపు చూసింది. "అది మా ఇల్లేనా?"

"అదే."

"మామ్మ అక్కడ కూడా మిమూనా సాయంత్రం వంటింటి గోడ మీద ఉంగరంతో కొట్టేది. తర్వాత చెవి పెట్టి వినేది. ఉంది అనేది. ఏది ఉంది మామ్మా అంటే మమ్మల్ని పొమ్మనేది. మేం ఆట అనుకునేవాళ్ళం. తర్వాత ఓ చలికాలం కుడి చెయ్యి పడిపోయింది. ఇక కొట్టలేదు. మంచంలోనే ఉండి మొన్న వేసవిలో పోయింది."

ఏ చలికాలమని నేను అడిగాను. ఆ పిల్ల చెప్పింది. అమ్మ పోయిన చలికాలమే.

పొద్దు వాలింది. మేం ముగ్గురం దీపం వెలిగించడం మరిచిపోయి కూర్చున్నాం. కిటికీలో చుక్క పొడిచింది.

ధబ్.

ఓర్నా అదిరిపడి లేచింది. నేనేమీ చెప్పలేదు, ఒట్టు. తనంతట తనే గోడ దగ్గరికి వెళ్ళింది. వేలికి మామ్మ ఉంగరం ఉంది. దాంతో కొట్టింది. టక్‌టక్. ఆగింది. టక్.

అవతల ఊపిరి కూడా లేదు. తర్వాత అరచెయ్యి ఆనింది, మెల్లగా, నిద్రపోయే పిల్ల వీపు మీద ఆనినట్టు. ధబ్.

ఆ వెనకే చెప్పుల చప్పుడు. ఎడమ మడమ ఈడుస్తూ నడిచే అమ్మ నడక. ముంగిలి దాటింది. తాళం వేసి ఉన్న తలుపు దాటింది. మా గుమ్మం ముందు ఒక్క క్షణం ఆగింది. తర్వాత సందు చివరికి వెళ్ళిపోయింది. బత్తూల్ నా చెయ్యి పట్టుకున్న చోట గోళ్ళు దిగాయి.

ఓర్నా వచ్చి పిడతలో చెయ్యి పెట్టి ముద్ద తీసుకుంది. సగం ఉంచుకోమంది. నేను తీసుకోలేదు. "మనది కాదు," అన్నాను. నా గొంతు నాకే అమ్మ గొంతులా వినిపించింది. ముఖానికి రాసుకునే క్రీము డబ్బా కడిగి అందులో పెట్టుకుంది. విమానంలో అడిగితే ఏం చెబుతావే అంటే, "మా మామ్మ అందం దీనివల్లేనని చెబుతా," అంది ఏడుస్తూనే.

ఈ ఏడు మిమూనాకి పళ్ళెం సర్దలేదు. అయినా చుక్క పొడిచే వేళకి ఇద్దరం వంటింట్లోనే ఉన్నాం. గోడ పలకలేదు. బత్తూల్ ఫోన్ మోగింది.

"పిన్నీ," ఓర్నా గొంతు చిన్నగా ఉంది. "మాది నాలుగో అంతస్తు. వంటింటి గోడ అవతల ఇల్లు లేదు, మెట్లు లేవు. గాలి తప్ప ఏమీ లేదు. వినండి." ఫోను గోడకి పెట్టినట్టుంది. నేను నా చెవులతో విన్నాను. టక్‌టక్. టక్.

"ఎవరు పిన్నీ?"

"ముద్ద ఎలా ఉంది?"

"పొంగింది. గిన్నె అంచు దాటింది."

"మరి అడుగుతుంటే చెప్పవేం?"

ఆ పిల్ల ఊపిరి వినిపించింది. తర్వాత అరచేతి చప్పుడు. ఫోన్ పెట్టేశాక నేను లేచి వెళ్ళి మా గోడకి చెవి ఆనించాను. చల్లగా ఉంది, అవతల అమ్మ లేదు. బత్తూల్ కూడా వచ్చి నా పక్కన చెవి ఆనించింది.