ముడుచుకోని గుడ్డ

గిన్నెలో నీళ్లు సలసల మరుగుతున్నాయి. కోడలు పటకారుతో గుడ్డను పైకి తీసి చూసింది, మళ్లీ ముంచింది, మళ్లీ తీసింది. ఒక మూల కనిపించీ కనిపించని వంకర తప్ప, వేసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. నున్నగా, చదునుగా, ఉలుకూ పలుకూ లేకుండా.

"ఉడికిందా?" ముందుగదిలోంచి అత్తగారి గొంతు.

"లేదత్తయ్యా."

"అయితే కాస్త ఉప్పెయ్యి."

కోడలికి ఒళ్లు మండిపోయింది. ఈ తంటా అంతా ఎవరి కోసం? ఆవిడ కోసమే కదా!

ఆ మధ్య పక్షవాతం వచ్చి అత్తగారికి ఎడమచెయ్యి పడిపోయింది. కాళ్లు బాగానే ఉన్నాయి. నోరు మరీ బాగుంది. చొక్కా గుండీలు మాత్రం ఒంటిచేత్తో పెట్టుకోలేకపోతోంది. పోనీ పెడదామని ఎవరైనా దగ్గరికి వస్తే, "నేనేమన్నా పసిపిల్లనా?" అని మొహం తిప్పేసుకుంటుంది. పాత దుప్పటి భుజాల మీద కప్పుకుని ఇంట్లోనే కూర్చుంటుంది. దుప్పటి కప్పుకుని వీధిలోకి వెళ్లడం నామోషీ. అందుకని గడప దాటడమే మానేసింది.

కొడుకు సాగే బనీను ఒకటి కొనుక్కొచ్చాడు. ఆవిడ దాన్ని చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు రెండు వేళ్లతో పట్టుకుంది. "ఇన్నేళ్లు మగ్గం మీద కూర్చున్నదాన్ని. నేసిన బట్ట తప్ప ఒంటికి తగలనివ్వను. ఇదీ ఒక బట్టేనా? చేపలు పట్టుకునే వల!" అని కిటికీలోంచి బయటికి విసిరేసింది. కొడుకు చేతులు దులుపుకుని పనికి వెళ్లిపోయాడు. ఇంట్లో మగ్గం నడిపేది ఇక కోడలే కాబట్టి, గుండీలు లేకుండా తల మీంచి వేసుకునేలా సాగే బట్ట నేసే భారం వచ్చి ఆమె నెత్తిన పడింది.

నూలు దుకాణం ఆయన ఒక దారపుకండె తీసి చూపించాడు. "ఇది వేడి తగిలితే ముడుచుకుపోయే దారమమ్మా. పత్తినూలుతో కలిపి నేసి వేణ్ణీళ్లలో వెయ్యి. ఇది దగ్గరికి లాక్కుంటుంది, పత్తి లాక్కోదు. ఎటు పోవాలో తెలియక పత్తి బుడిపెలు బుడిపెలుగా పైకి లేస్తుంది. లాగితే సాగుతుంది, వదిలితే దగ్గరికొస్తుంది."

చెప్పడం ఎంత తేలికో!

నిలువు పోగులన్నీ పత్తి. అడ్డంగా వేసే పేకలో ఒక వరస పత్తి, ఒక వరస ఈ దారం. అలా నేసిన మొదటి ముక్కే ఇప్పుడు గిన్నెలో చలనం లేకుండా పడి ఉంది. నీళ్ల వేడి చాలలేదేమోనని ఇస్త్రీపెట్టె బాగా కాల్చి అదిమింది. దారం కరిగి, ముక్కంతా అట్టలా బిగుసుకుంది. ఇల్లంతా కంపు.

"తప్పు వేడిది కాదు, నీ నేతది," అంది అత్తగారు ముక్కుకి దుప్పటి అడ్డం పెట్టుకుని. "చేతుల్లో సత్తువ ఉంటేగా! పలక గట్టిగా కొట్టు."

కొట్టింది. ప్రతి పేక పోగునూ దగ్గరికి జరిపే ఆ పలకను రెక్కలు పడిపోయేలా లాగి లాగి కొట్టింది. నీళ్లు పోస్తే కారనంత చిక్కగా వచ్చింది బట్ట. ఆశగా తీసుకెళ్లి మరిగే నీళ్లలో వేసింది. అంతకు ముందు ముక్కలో కనిపించీ కనిపించని వంకరైనా ఉంది. దీంట్లో అదీ లేదు.

కోడలు ఆ ముక్కను నేలకేసి కొట్టింది. దుకాణానికి వెళ్లి ఆయన్ని కడిగెయ్యాలని చెప్పుల్లో కాళ్లు కూడా పెట్టింది. ఆ ముక్క వంక మరోసారి కోపంగా చూసింది. చూసి ఆగిపోయింది.

గుడ్డ అంచు దాటి బయటికి వేలాడే దారపు కొసలు ఉన్నాయి. పత్తివి తిన్నగా వేలాడుతున్నాయి. కొత్త దారానివి మాత్రం ముడుచుకుపోయి అంచుకి అంటుకుని ఉన్నాయి. అంటే దారం మంచిదే. వేడీ సరిపోయింది. బయట ఉన్నంత మేర ముడుచుకుంది, గుడ్డలో ఉన్నంత మేర ముడుచుకోలేకపోయింది. పత్తి పోగులు దాన్ని అంత గట్టిగా పట్టేశాయి.

చెప్పులు విడిచేసి మగ్గం దగ్గరికి వచ్చింది. ఈసారి కొత్త దారాన్ని ప్రతి పోగు కిందా దూర్చలేదు, కొన్నేసి పోగుల మీదుగా స్వేచ్ఛగా వదిలింది. పలకను కొట్టలేదు, ఊరికే ఆనించింది.

అత్తగారు చప్పుడుని బట్టే పట్టేసింది. "ఏంటా నేత? నిద్రపోతున్నావా?"

"వదులుగా నేస్తున్నానత్తయ్యా."

"వదులుగానా! ఈ మగ్గం మీద జల్లెడ గుడ్డ ఏనాడూ దిగలేదు. విప్పెయ్ అది!"

"విప్పను."

"నేను నేర్పింది ఇదేనా?"

"మీరు నేర్పిన నేతే దీన్ని ముడుచుకోనివ్వడం లేదు!" కోడలు అరిచేసింది. "ఊపిరాడనివ్వదు మీ నేత! దారానికే కాదు, నాకూ!"

అత్తగారు లేచి గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. పలక మళ్లీ మెత్తగా కదిలింది. కోడలి కళ్లు మసకబారడంతో ఒకటి రెండు చోట్ల పోగు తప్పింది కూడా.

ఆ గుడ్డ వేణ్ణీళ్లలో పడగానే ఉలిక్కిపడ్డట్టు కదిలింది. అంచులు లోపలికి జరిగాయి. మీదంతా పత్తి చిన్న చిన్న బుడిపెలుగా లేచింది. వెడల్పు సగానికి వచ్చేసింది. పైకి తీసి రెండు చేతులా లాగితే జానెడు సాగి, వదలగానే చప్పున దగ్గరికొచ్చింది. ఒక పక్క బుడిపెలు ఎక్కువ, ఒక పక్క తక్కువ. అయితేనేం! పగలబడి నవ్వాలనిపించింది, పక్కన చూసేవాళ్లే లేరు.

గుండీలు లేని చొక్కా కుట్టి, తలుపు సందులోంచి లోపలికి అందించింది. ఒక చెయ్యి వచ్చి లాక్కుంది.

లోపల ఏదో కింద పడింది. మూలుగు వినిపించింది. తర్వాత చిన్న తిట్టు. "రానా అత్తయ్యా?" అంటే "వచ్చావంటే చూడు!" అని సమాధానం. కోడలు గోళ్లు కొరుక్కుంటూ బయటే నిలబడింది.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. జుట్టంతా చెదిరి, మొహమంతా చెమటతో అత్తగారు నిలబడి ఉంది. ఒంటి మీద చొక్కా ఉంది, ముందు వెనకా తారుమారుగా.

"మెడ దగ్గర గీరుకుంటోంది," అంది.

"సరిచేస్తాను, ఇటివ్వండి."

"ఇప్పుడెందుకిస్తాను? ఇంత కష్టపడి వేసుకుంటే!"

అని కోడల్ని దాటుకుని వీధి తలుపు తీసుకుని బయటికి నడిచింది. ఎండలో ఒక్క క్షణం కళ్లు చికిలించి, ఎదురింటావిడని పేరు పెట్టి గట్టిగా పిలిచింది. కోడలు గడప దగ్గర కూలబడింది. ఒక్క మంచి మాటైనా అనని ఆ మనిషి మీద పీకలదాకా కోపం వచ్చింది, కన్నీళ్లూ వచ్చాయి. ఎదురింటివాళ్ల తలుపు తెరుచుకోవడం, "అమ్మో, ఎన్నాళ్లకి!" అనడం వినిపిస్తూనే ఉంది.