ఎవరూ ఎత్తని మాట

డిసెంబరు పదమూడు సాయంత్రం బ్రస్సెల్స్‌లో యూరప్ దేశాల మంత్రుల సమావేశం ముగిసింది. హెర్రింగ్ చేపల వేటపై నిషేధం ఖాయమైంది.

స్కార్వెన్ తీరప్రాంతం తరఫున అక్కడ కార్యాలయం నడిపే ఇంగెలా తలుపు బయటే నిలబడి ఉంది. ప్రాంతాల వాళ్ళకు లోపల కుర్చీ ఉండదు. దేశపు మంత్రే మాట్లాడాలి. చిన్న పడవలను మినహాయించాలన్న ఒక్క వాక్యం మంత్రి చేత చదివించమని ఆయన సహాయకుడు హోల్గర్‌ను ఆమె నెలరోజులుగా బతిమాలింది.

హోల్గర్ బయటికొచ్చాడు.

"చదివారా?"

"లేదు. చేపల సంగతి ఎత్తకపోతే అడవుల విషయంలో మిగతా దేశాలవాళ్ళు మన మాట ఒప్పుకుంటామన్నారు. సరేనన్నాం."

"మా దగ్గర చెట్టే లేదు కదయ్యా! రాళ్ళు తిని బతకమంటావా?"

"నా మీద అరిచి ఏం లాభం?" అంటూ అతను లిఫ్టు ఎక్కేశాడు.

ఫోను మోగింది. స్కార్వెన్ పడవల సంఘం పెద్ద రూనార్.

"ఏమ్మా, మనవాళ్ళంతా నా చుట్టూనే ఉన్నారు. ఏమన్నారు?"

"మన మాట ఎవరూ ఎత్తలేదు, రూనార్ అన్నా."

"మరి నిన్ను అక్కడ పెట్టుకున్నది ఎందుకమ్మా?"

ఇంగెలా గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయింది.

నిషేధం జనవరి ఒకటిన అమల్లోకి వచ్చింది. ఆ రోజు స్కార్వెన్ రేవు నుంచి ఒక్క పడవా బయలుదేరలేదు.