తలుపు తీసినందుకు

ఆ చప్పుళ్లు విని మొదట అందరూ టపాకాయలనుకున్నారు. ఢిల్లీలోని ఆ మంత్రిత్వ శాఖ భవనం రెండో అంతస్తులో సెక్షన్ ఆఫీసర్ ఉష. ఆమె కిటికీలోంచి చూసేసరికి గేటు దగ్గర గార్డు పడిపోయి ఉన్నాడు. తుపాకులు పట్టుకుని ఇద్దరు లోపలికి పరిగెత్తుకొస్తున్నారు. సెక్షన్‌లో వాళ్లంతా తలుపు గడియ పెట్టి, బీరువా అడ్డంగా జరిపి, బల్లల కింద నక్కారు.

కాసేపటికి ఎవరో అరచేత్తో తలుపు కొట్టారు.

"ఉషగారూ, నేను రఘురామ్‌ని. తలుపు తీయండి. కాల్లో తూటా దిగింది."

పక్క సెక్షన్‌లో పనిచేసే ఏలూరు మనిషి రఘురామ్. ఉష లేచింది. పక్కనే నక్కి ఉన్న సహోద్యోగి నేహా ఆమె చెయ్యి పట్టుకుంది.

"వద్దు దీదీ. వాళ్లే వెనక నిలబడి పిలిపిస్తుంటే? మనమందరం చస్తాం."

ఉష చెయ్యి విడిపించుకుని, బీరువా నెట్టి తలుపు తీసింది. రఘురామ్ ఒక్కడే ఉన్నాడు. లోపలికి లాగి, మళ్లీ గడియ పెట్టి, చున్నీతో తొడ బిగించి కట్టింది. కమాండోలు వచ్చేదాకా అతని మూలుగు బయటికి వినపడకుండా నోరు మూసి పట్టుకున్నది నేహానే.

అతను బతికాడు. ఆఫీసులో ఉషకు శాలువా కప్పారు. నేహా ఆ సభకు రాలేదు, వేరే సెక్షన్‌కు బదిలీ చేయించుకుంది.

ఇంట్లో భర్త సుధీంద్ర చాలా రోజులు ఆ ఊసే ఎత్తలేదు. ఒక ఆదివారం కాఫీ తాగుతూ అడిగాడు.

"తలుపు తీసేటప్పుడు పిల్ల గుర్తుకు రాలేదా?"

ఉషకు అబద్ధం నోట రాలేదు. "రాలేదండీ."

గుమ్మంలో కూతురు హరిప్రియ వింటూ నిలబడి ఉంది. మర్నాటి నుంచి ఆ పిల్ల స్కూలు బస్సెక్కే ముందు తల్లి చెయ్యి వదలడం లేదు. "మమ్మీ, ఆజ్ జల్దీ ఆనా," అంటుంది రోజూ, ఇవాళ తొందరగా వచ్చెయ్యమని.

ఒక మధ్యాహ్నం ఉష నేహాను వెతుక్కుంటూ కొత్త సెక్షన్‌కు వెళ్లింది.

"కోపమా నా మీద?"

"మీరు తీసింది తప్పే దీదీ. ఇప్పటికీ అదే అంటాను." నేహా గొంతు తగ్గింది. "అతను నడుస్తున్నాడని తెలిసిన రోజు గుడికి కూడా వెళ్లొచ్చాను."

"నా కూతురు నాకు గుర్తుకే రాలేదు నేహా," అంది ఉష. కళ్లలో నీళ్లు తిరిగాయి.

నేహా పక్క కుర్చీ మీది ఫైళ్లు తీసి కింద పెట్టింది.

"కూర్చోండి," అంది. "భోజనం చేశారా?"