గాజు గోడ వైపు

నేను ఒక బుల్లి మోటారును. పిడికిలంత ఉంటాను గానీ పని మాత్రం సముద్రుడిది. అద్దాల తొట్టిలో కెరటాలు పుట్టించాలి. వేవ్‌మేకర్ అంటారు నన్ను. ఏ ఫ్యాక్టరీలో పుట్టానో తెలీదు, ఊహ తెలిసేసరికి అట్టపెట్టెలో ఉన్నాను. ఆ పెట్టె విప్పింది విశాఖపట్నంలో పైడిరాజుగారు.

ఆయన హాల్లో ఉప్పునీళ్ల తొట్టి ఉంది. అందులో రాళ్లు, రెండు చేపలు, ఒక పగడం. పగడమంటే ఉంగరంలో పొదిగేది కాదండోయ్, ప్రాణమున్నది. ఆకుపచ్చ వేళ్లు చాపి నీళ్లలో ఊగుతుంది. ఆయన భార్య కుసుమ కడుపుతో ఉన్నప్పుడు మంచం దిగొద్దన్నారు డాక్టరు. హాల్లోనే మంచం వేయించుకుని, ఆ పగడాన్నే చూస్తూ ఆ నెలలన్నీ గడిపింది. ఆసుపత్రికి వెళ్తూ, "నేను బిడ్డతో వచ్చేసరికి ఇది ఇలాగే ఉండాలి" అని మరీ చెప్పి వెళ్లింది.

దాంతో ఆయనకు కంగారు పట్టుకుంది. పాత మోటారు ఒక్కటే ఉండేది, మూలల్లో మడ్డి పేరుకుంటోంది. నీళ్ల కదలిక చాలడం లేదని నన్ను తెచ్చారు. అంతవరకూ సబబే. తెచ్చి, సరిగ్గా పగడానికి ఎదురుగా బిగించారు.

పగడం వేళ్లు ముడుచుకుంది. ఇంకా చాల్లేదనుకుని వేగం పెంచారు. భీమిలి కెరటాలు చూస్తూ పెరిగిన మనిషి. "సముద్రం ఇంతకన్నా గట్టిగా కొట్టదా?" అని తనకు తానే సర్దిచెప్పుకున్నారు. కొట్టేది నేను కదా, నాకు తెలుస్తోంది! ఆగుదామంటే నా చేతిలో ఉందా? దాని అంచున కండ ఊడి తెల్లటి ఎముక కనబడింది. నాకు ఏడుపొచ్చింది. నీళ్లలో ఏడిస్తే ఎవరు చూస్తారు!

కుసుమ బిడ్డతో వచ్చింది. చెవుల్లో దూది, తలకు గుడ్డ. తొట్టిని చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది. పైడిరాజుగారు మొహం చాటేసి, ఉక్కపోస్తోందంటూ టేబుల్ ఫ్యాను తెచ్చి మంచానికి ఎదురుగా పెట్టారు. ఆయన అత్తగారు వరహాలమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

"ఇదేటి బాబూ! బాలింతకి గాలి ఎదురుగా ఎట్టేస్తారేటి? గోడేపు తిప్పండి. గోడకి తగిలి ఎనక్కొచ్చిన గాలి సాల్దా?"

ఆయన ఫ్యాను తిప్పారు. తిప్పి అక్కడే నిలబడిపోయారు. ఉయ్యాల్లో పసిదాని జుత్తు మెల్లగా కదిలింది. ఆయన తొట్టి వైపు చూశారు. గబగబా స్విచ్ ఆపి, చొక్కా చెయ్యి మడవకుండానే భుజం దాకా నీళ్లలోకి పెట్టి, నన్ను తొట్టి ముందువైపు గాజు గోడకేసి తిప్పేశారు.

"అయ్యో, చొక్కా!" అంది కుసుమ.

"పోనీలే. ఇటు చూడు" అంటూ మళ్లీ స్విచ్ వేశారు.

నా నీళ్లు గాజుకు తగిలి, చెదిరి, తొట్టంతా పరుచుకున్నాయి. మూలల్లో మడ్డి లేచింది. పగడం దగ్గరికి వెళ్లేసరికి దెబ్బ పోయి కదలిక మిగిలింది. కొన్నాళ్లకు కుసుమ కేక పెట్టింది. "ఏవండీ, ఒక వేలు చాపింది!"

నేను చూడలేదు. అప్పట్నుంచీ పగడం నా వీపు వెనకే. మొదట్లో కోపమొచ్చేది, మేలు చేసినవాడికి ఈ శిక్షేమిటని. ఉప్పు పేరుకుని నా గొంతు బొంగురుపోయినప్పుడల్లా వెనిగర్ నీళ్లలో స్నానం చేయించి, మళ్లీ గోడకే నిలబెడతారు.

ఇప్పుడు పసిది పాకుతోంది. పొద్దున్నే వచ్చి, గాజుకు ముక్కు ఆనించి, నా వెనకున్నదాన్ని చూస్తుంది. కాసేపటికి తన బుల్లి వేళ్లన్నీ చాపి, నీళ్లలో ఉన్నట్టు మెల్లగా ఊపుతుంది. పగడం ఎలా ఉందో నాకు తెలిసిపోతుంది.