అమ్మవారి నిమ్మకాయ

ఆగస్టులో వచ్చిన భూకంపానికి వాషింగ్టన్‌లో కథెడ్రల్ అనే ఆ పెద్ద చర్చి శిఖరాలు పక్కకి తిరిగిపోయాయట. తిరిగితే తిరిగాయి, వాటికెంత దెబ్బ తగిలిందో చూడ్డానికి నా కూతురే తాడు కట్టుకుని దిగాలా? మా ఊరు ఆష్‌బర్న్‌లో మా స్నేహితుల పిల్లలంతా డేటా సెంటర్లలో ఏసీ కింద చల్లగా కూర్చున్నారు. మా ఇషాకి మాత్రం పాతకాలం రాళ్ల పిచ్చి.

ఎనిమిది వందల ఏళ్ల కిందట ఫ్రాన్స్‌లో ఎలా కట్టేవాళ్లో దీన్నీ అలాగే కట్టారట. లోపల ఇనుము లేదు. రాయి మీద రాయి, ఆ బరువే దాన్ని నిలబెడుతుంది. గోడలు బయటికి ఒరగకుండా పక్కనుంచి రాతి కమానులు దన్నుగా ఉంటాయి. "అందుకే షేక్ అయినప్పుడు పై స్టోన్స్ తిరిగాయమ్మా," అంది ఇషా, అదేదో శుభవార్తలా.

ఆ రోజు అది మొదటిసారి తాడు మీద దిగుతోంది. నేను కింద క్లాయిస్టర్‌లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. క్లాయిస్టర్ అంటే తోట చుట్టూ స్తంభాల వసారా. పూర్వం మఠాల్లో సన్యాసులు ఇలాంటి చోటే జపం చేసుకుంటూ నడిచేవారట. నాకు జపం నోట నిలవడం లేదు. తోటలోకి ఎవరూ రాకుండా పసుపు టేపు కట్టారు. పైనుంచి చిన్న స్క్రూ పడినా, పడేసినవాళ్లని మళ్లీ తాడెక్కనివ్వరని ఇషా ముందే చెప్పింది. వారం నుంచీ నా మొక్కు అదే, ఏదో ఒక వంకతో దాన్ని కిందికి దింపెయ్యమని.

టప్పున ఏదో గడ్డిలో పడి, దొర్లుకుంటూ నా చెప్పుల దగ్గరికొచ్చింది. నిమ్మకాయ. గుడిలో అమ్మవారి పాదాల దగ్గర పెట్టించి, పొద్దున దానికి తెలియకుండా పనిసంచీ పక్క జేబులో నేనే దూర్చిన నిమ్మకాయ. గబుక్కున తీసి పట్టుకున్నాను.

సూపర్‌వైజర్ డెనిస్ పరుగున వచ్చి, పైనుంచి ఏమైనా పడిందా అని అడిగాడు. నిజం చెబితే చాలు, కాసేపట్లో నా పిల్ల నేల మీద ఉంటుంది. ఇంటికెళ్లి ఇంత అన్నం తిని పడుకోవచ్చు.

పైకి చూశాను. ఇషా ఆ తిరిగిన రాయిని చిన్నగా తట్టి, చెవి ఆనించి వింటోంది. మళ్లీ అరచెయ్యి పెట్టి చూస్తోంది, జ్వరమొచ్చిన బిడ్డ నుదుటి మీద పెట్టినట్టు. అంత స్థిమితంగా దాన్ని ఇంట్లో ఎన్నడూ చూడలేదు నేను.

"ఇది నాదే," అన్నాను. "నా హ్యాండ్‌బ్యాగ్‌లోంచి జారింది."

అతను నిమ్మకాయనీ నన్నూ మార్చి మార్చి చూసి వెళ్లిపోయాడు.

పైనుంచి ఇషా చెయ్యి ఊపింది. నేనూ ఊపాను, నిమ్మకాయ లేని చేత్తో.