మత్తులో అన్న మాట

మలంలో నెత్తురు పడుతోందని వడ్రంగి ఆస్పత్రికి వెళ్తే, పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూడాలన్నారు. ముందురోజు గట్టి ఆహారం వద్దంది నర్సు. పాలు వద్దంది, ఎర్ర రంగు పానీయాలు అసలే వద్దంది. వడ్రంగి అన్నింటికీ తలాడించాడు. మత్తు ఇస్తే ఆ రోజంతా బండి నడపకూడదు, రంపం ముట్టకూడదు, ఇంటికి తీసుకెళ్ళడానికి తోడు మనిషి ఉండాలి అనేసరికి, పక్కనున్న భార్య ఆలోచించకుండా, "మా బావ వస్తాడు" అంది.

బావంటే ఆమె మేనత్త కొడుకు. వ్యాను నడుపుతాడు. ఒకప్పుడు ఇద్దరికీ పెళ్ళి అనుకున్నారు, కుదరలేదు. వరసకి వడ్రంగి అతన్ని అన్నయ్యా అనాలి. పెళ్ళయిన నాటినుంచి ఒక్కసారీ అనలేదు. "ఏమోయ్"తోనో దగ్గుతోనో సరిపెట్టుకొచ్చాడు. భార్య తనని "ఏమండీ" అంటుంది. అతన్ని "బావా" అంటుంది. ఆ దీర్ఘం ఉండాల్సినదానికన్నా ఎక్కువసేపు ఉంటుంది. చెక్కలో వెంట్రుకవాసి తేడా పట్టేవాడికి అది తెలియకుండా పోదు.

మత్తు లేకుండా చెయ్యరా అని అడిగాడు. కొందరు అలాగే చేయించుకుంటారంది నర్సు. గొట్టం మలుపు తిరిగేచోట కడుపు పట్టేస్తుంది, ఓర్చుకోలేకపోతే అప్పుడే ఇస్తామంది. మత్తంటే పూర్తి నిద్ర కాదని, పిలిస్తే పలుకుతారని, మాట్లాడతారు కూడా అని, తర్వాత మాత్రం గుర్తుండదని చెప్పింది. ఆ చివరి మాటతో వడ్రంగి ఖాయం చేసుకున్నాడు. తను ఒళ్ళు తెలియకుండా పడుంటే వాళ్ళిద్దరూ పక్కన కూచుని కబుర్లాడుకోవడమా? మత్తు వద్దన్నాడు.

ముందురోజు సాయంత్రం మందు కలిపిన నీళ్ళు గ్లాసు తర్వాత గ్లాసు తాగాడు. ఉప్పగా, జిగటగా, ఏదో పండు వాసన. పాయిఖానాకీ గదికీ మధ్య తిరగడమే పనయింది. ఓర్చుకోలేకపోతే మత్తు ఇస్తారుగా అని, పొద్దున్నే వ్యాను తెమ్మని భార్య ఫోనులో బావకి చెప్పింది. చెప్పి నవ్వింది. గడియ పెట్టుకుని కూచున్నవాడికి నవ్వు వినపడింది, మాట వినపడలేదు. లేచి వెళ్దామంటే కడుపు లేవనివ్వలేదు.

"ఏమంటాడు?" అన్నాడు బయటికొచ్చాక.

"మీ కడుపుమంట కూడా ఆ గొట్టంలో కనపడుతుందేమో అడగమన్నాడు."

వడ్రంగి మిగిలిన నీళ్ళు గటగటా తాగేశాడు.

పొద్దున చేతికి సూది పెట్టి, ఎడమపక్కకి తిప్పి పడుకోబెట్టారు. మొదటి మలుపు పళ్ళు బిగించి ఓర్చుకున్నాడు. రెండో మలుపులో పేగుల్ని ఎవరో మెలిపెట్టి పిండినట్టయింది. ఇచ్చెయ్యండి అన్నాడు. తెరమీద తన పేగు నున్నగా, తడిగా మెరవడం వరకే తెలుసు.

తర్వాత చూస్తే వేరే గది. మంచం పక్క భార్య, ఆమె పక్క బావ. ఇద్దరి కళ్ళల్లోనూ నవ్వు. చిన్న బుడిపె ఉంటే తీసి పరీక్షకి పంపారట. చూడ్డానికైతే భయపడాల్సిందేమీ లేదని డాక్టరు చెప్పి వెళ్ళాడట. అదీ వాళ్ళిద్దరే విన్నారు.

"లేస్తావా తమ్ముడూ" అన్నాడు బావ.

"తమ్ముడేంటి కొత్తగా?"

"నువ్వు అన్నయ్యా అంటే నేను తమ్ముడూ అనొద్దూ? చెయ్యి పట్టుకుని మరీ అన్నావు. అన్నయ్యా, ఇది నన్ను ఒక్కసారైనా బావా అని పిలుస్తుందేమో అడిగి చెప్పు అన్నావు."

వడ్రంగి భార్యకేసి చూశాడు. ఆమె దుప్పటి మడతపెడుతోంది. మడిచిందే మళ్ళీ విప్పి మడుస్తోంది.

"అడిగావా?"

"నేనడిగేదాకా ఆగిందా? వంగి నీ చెవిలో ఏదో అంది. నాకు వినపడలేదు. నువ్వు విన్నావు. పళ్ళన్నీ బయటపెట్టి నవ్వావు."

బావ వ్యాను తేవడానికి వెళ్ళాడు. వడ్రంగి బుర్రంతా తడుముకున్నాడు. తెరమీది పేగు తప్ప ఏమీ తగల్లేదు.

"ఏమని పిలిచావు?"

"పిలవమన్నట్టే పిలిచాను."

"మళ్ళీ పిలు. నాకు గుర్తులేదు."

"గుర్తుండదన్నారనేగా పిలిచింది" అని ఆమె చెప్పులు తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టింది.

భుజం పట్టుకుని నడిపిస్తుంటే వడ్రంగి వెనక్కి తిరిగి ఖాళీ మంచాన్ని చూశాడు. ఇంతకాలం వ్యాను వాడిమీదున్న కుళ్ళంతా ఆ మంచం మీద పడుకున్నవాడి మీదికి మళ్ళింది. ఆ పిలుపు విన్నవాడు, పళ్ళికిలించి నవ్వినవాడు, తనకి ఒక్క ముక్కైనా మిగల్చకుండా పోయాడు.