నిలువు గీత

పదో తరగతి దాకా లెక్కల్లో సౌమ్యను మించినవాళ్లు లేరు. ధర్మవరంలో ఇంటర్లో చేరాక మగ్గాల వీధి తనూజ వచ్చి పక్కన కూర్చుంది, అంతటితో ఆ వైభోగం సరి. బోర్డు మీద లెక్క పడీపడకముందే తనూజ చెయ్యి లేస్తుంది. ఆ చెయ్యిని చూస్తే సౌమ్యకు ఒళ్లు మండేది. పైగా ఆ పిల్ల మంచిది కూడా. తిట్టుకోవడానికి ఒక్క వంకా దొరకదు.

హిందూపురంలో లెక్కల పోటీకి కాలేజీ నుంచి ఒక్కరినే పంపుతారు. తన కూతురే పోతుందని నాయన గంగాధరప్ప అప్పుడే సొంతూరు కనగానపల్లి అంతా చెప్పుకున్నాడు. ఎంపిక కోసం చంద్రశేఖర్ సార్ ఒక ప్రమేయానికి గ్రాఫు గీయమన్నాడు: x రెండుకు తక్కువైతే x+1, రెండూ ఆపైనా అయితే 8−x. పరీక్ష ఏదైనా, పక్కవాళ్లతో కాగితాలు మార్చుకుని, తప్పులుంటే చెప్పి, సంతకం పెట్టాలి. అది ఆయన పద్ధతి.

"సౌమ్యా, ఈడ రెండో గీత పైకి పోతాండాదే. కిందికి దిగల్ల గదా?" అంది తనూజ.

సౌమ్య నాలుక కరుచుకుని దిద్దుకుంది. తర్వాత తనూజ కాగితం చూసింది. మొదటి గీత మూడు ఎత్తులో ఖాళీ సున్నతో ఆగింది, రెండోది ఆరు ఎత్తులో నిండు చుక్కతో మొదలైంది. అంతవరకూ ముచ్చటగానే ఉంది. కానీ సున్నకూ చుక్కకూ మధ్య సన్నగా ఒక నిలువు గీత! తెగి ఉండాల్సిన చోట కలిపేసింది. చిన్నప్పటి నుంచి మగ్గం మీద తెగిన పోగులకు ముడులు వేసిన చెయ్యి, సందు కనబడితే ఊరుకోలేదు. x రెండైన చోట ఒక్క విలువే ఉండాలి. ఆ గీతతో లెక్కలేనన్ని వచ్చిపడ్డాయి.

రబ్బరుతో ఒక్కసారి రుద్దితే పోయేది. రబ్బరు సౌమ్య చేతిలోనే ఉంది.

"అంతా సరిగ్గానే ఉండాది," అని సంతకం పెట్టేసింది.

మరునాడు సార్ సౌమ్య పేరే చదివాడు. ఆమెకు కడుపు నిండినట్టయింది. అంతలో ఆయన తనూజ కాగితం పైకెత్తి సౌమ్య వైపు చూశాడు.

"ఇంత తప్పు కనపడలేదేమ్మా? కింద సంతకం నీదే గదా?"

తనూజ లేచి నిలబడింది.

"సంతకం పెట్టినాక గీసినా సార్. సౌమ్య చూసింటే చెప్పకుండా ఉంటుందా?"

అబద్ధం చెప్పేసి, సౌమ్య వైపు తిరిగైనా చూడకుండా కూర్చుంది. ఆ పిల్లకు అంతా తెలుసు.

పోటీకి వెళ్లేది తనే. అయినా సౌమ్యకు కుళ్లు తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగింది. అలా లేచి చెప్పడం తనకు ఈ జన్మలో చేతకాదు.